ఒక్క ఇంటి సున్నా

నలభై ఒకటో ఇంటి చెత్తడబ్బా మూత ఎత్తి నూకరత్నం అంచుకి జానెడు ఎత్తున ముక్కు నిలిపింది. మూడు పీల్పులు. మొదటిది పొట్టి, రెండోది పొడుగు, మూడోది నోరు కాస్త తెరిచి. ఆ తర్వాత పది లెక్కపెట్టి కంపు లేదన్న గుర్తుగా చేతిలోని పలక మీద సున్నా నొక్కింది. నడుముకు వేలాడుతున్న కాఫీ మూట తీసి ఒకసారి వాసన చూసుకుంది. దాన్ని ముక్కు తుడుచుకోవడం అంటారు ఘ్రాణికలు, అంటే డబ్బాల వాసన చూసి అంకె వేసేవాళ్ళు. వేయించిన గింజల కమ్మటి వాసన ఎప్పట్లాగే నెత్తికెక్కింది. మూటను మళ్ళీ నడుముకు దోపుకుని నలభై రెండో గుమ్మం ముందుకు నడిచింది.

మూత ఎత్తినప్పుడల్లా దాని అంచులోంచి సన్నటి తుంపర లేచి మొహానికి తగులుతుంది. చల్లగా, ఏ వాసనా లేకుండా ఉంటుంది. మూడు నెలల కిందట లంగరు కాలనీ ఇళ్ళన్నిటికీ నీలం రంగు మౌని మూతలు బిగించినప్పటి నుంచి ఆమెకు అది అలవాటైపోయింది. మూతలో ఉన్న గుళిక చెత్తలోని కంపును పుట్టినచోటే చంపేస్తుందని ఊరి వాసనల లెక్క చూసే గంధశాల వారి మాట. గంధశాల మాటంటే నూకరత్నానికి సన్యాసిరావు మాస్టారి మాటే. ఆమెకు ముక్కు పట్టడం నేర్పినవాడు ఆయన. ఆయన మాటకు ఆమె ఇంతవరకు అడ్డు చెప్పి ఎరగదు.

నలభై రెండో డబ్బా మీద ఈగలు నల్లగా ముసురుకున్నాయి. చేత్తో తోలి, మూత ఎత్తి, మూడు పీల్పులు తీసి సున్నా నొక్కింది. ఈగల సంగతి గంధశాల పోయిన నెలే తేల్చేసింది. నీలం రంగంటే ఈగలకు ప్రాణమట. మరి సముద్రం మీద ఎందుకు వాలవో అడగాలనిపించింది గాని, అడిగితే మాస్టారు నవ్వుతారని ఊరుకుంది.

పద్దెనిమిదేళ్ళుగా ఆమె పదహారో వార్డుకు, అంటే ఈ లంగరు కాలనీకి, ఘ్రాణిక. ఇళ్ళు నూట ఇరవై, సగానికి పైగా చేపలు పట్టేవాళ్ళవీ అమ్మేవాళ్ళవీ. ఆమె కొత్తగా వచ్చిన రోజుల్లో పెళ్ళిచూపులకు బయల్దేరిన వాళ్ళు వీధి మొగలోనే బండి వెనక్కి తిప్పుకునేవారు. అప్పుడు వార్డు అంకె తొమ్మిదికి ఎనిమిది. యంత్రాలు పెట్టి చూశారు. అవి గాలిలోని వాయువుల్ని లెక్కపెట్టాయి గాని, ఏది కుళ్ళో ఏది ఎండుచేపల పులుసో తేల్చుకోలేక పొయ్యి మీది కూరకు కూడా ఏడు వేశాయి. ఎండుచేపలు తినే ఊళ్ళో అది చిన్న తప్పు కాదు. అందుకే మనిషి ముక్కు వేసిన అంకెకే చట్టంలో విలువ.

ఆ ఎనిమిదిని రెండుకు దించింది నూకరత్నం. చేప పొలుసూ రొయ్య తొక్కా ఉప్పు చల్లి కాగితంలో మడిచి కట్టమని ఇంటింటికీ తిరిగి చెప్పింది. డబ్బా అడుగున కొబ్బరిచిప్పల బొగ్గు పొడి గుప్పెడు వేయించింది. కడిగిన డబ్బాను ఎండలో పక్కవాటుగా పడుకోబెట్టించింది. కూరగాయ తుక్కును పెరట్లో మట్టికుండలకు మళ్ళించింది. బతిమాలింది, తిట్టింది, వినని ఇళ్ళ ముందు చీపురు పట్టుకుని కూర్చుంది. మౌని మూతలు వచ్చాక అవేవీ అక్కర్లేదని మాస్టారు చెప్పారు. ఆమె మళ్ళీ అవే గుమ్మాలు ఎక్కి, బొగ్గు పొడి మానెయ్యండి, ఇంక సుఖపడండి అని చెప్పి వచ్చింది.

అంకెను బట్టే చెత్తబండి వస్తుంది. రెండు ఉన్నప్పుడు రోజు విడిచి రోజు వచ్చేది. సున్నాలు మొదలయ్యాక నాలుగు రోజులకొకసారి వచ్చింది, ఇప్పుడు ఎనిమిది రోజులకు గాని రావడం లేదు. ఈ సాయంత్రం ఐదింటికి పదహారో వార్డు నుంచి నూట ఇరవై సున్నాలు వెళ్తే పరీక్ష కాలం ముగుస్తుంది. రేపు పొద్దుటి నుంచి నగరంలో మిగిలిన ముప్ఫై తొమ్మిది వార్డులకూ నీలం మూతలు బిగిస్తారు. మాస్టారి పేరుతో పాటు తన పేరు కూడా ఫలకం మీద చెక్కిస్తారని విని నూకరత్నం వారం రోజులుగా లోలోపల మురిసిపోతూనే ఉంది.

నలభై ఆరో ఇంటి దగ్గర పలక రెండుసార్లు వణికింది. ఆజ్ఞ ఒకటి వచ్చింది.

"పదహారో వార్డు, యాభై మూడో ఇల్లు. అప్పయ్యమ్మ, చేపల అమ్మకందారు. చెడిన చేపను వండి ఇంటి మనిషిని ఆసుపత్రి పాలు చేసినందున ఈమె ముక్కు పట్టా రద్దు చేయవలెను. వార్డు ఘ్రాణిక సాయంత్రం ఐదు గంటలలోగా పరీక్షించి వేలిముద్ర వేయవలెను."

నూకరత్నం దాన్ని రెండుసార్లు చదివింది. ముక్కు పట్టా లేనివాళ్ళకు చేపల బజారులో బల్ల ఉండదు. అప్పయ్యమ్మ బల్ల ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే చోట, మంచు గిడ్డంగి మెట్ల పక్కన ఉంది. కళ్ళు మూసుకుని వాసన చూసి ఈ చేప తెల్లారి పడిందో రాత్రి పడిందో చెప్పగల మనిషి. ఏటా ఆమె పట్టా మీద ముద్ర వేసేది నూకరత్నమే. పరీక్ష అనే మాటకే అప్పయ్యమ్మ నవ్వేది, నూకరత్నం కూడా నవ్వి ముద్ర వేసేది.

ఆమెకు ఒళ్ళు మండింది. మధ్యలో ఆరిళ్ళు వదిలేసి తిన్నగా యాభై మూడుకి వెళ్ళింది.

అప్పయ్యమ్మ గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొద్దున బజారుకు వెళ్ళిన జాడ లేదు. తట్ట బోర్లించి ఉంది.

"ఏటి పిన్నీ ఇది? నీ పట్టా రద్దు చెయ్యమని ఆజ్ఞ వచ్చింది. ముప్ఫై ఏళ్ళ బట్టి అమ్ముతున్నావు. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లకి చెడిపోయిన వంజరం పెడతావా?"

"సూసుకునే పెట్టినాను."

"ఏటి చూసుకున్నావు?"

"వాసనే సూసినాను. కళ్ళు ఎప్పుడు కనపడినాయమ్మీ నాకు? శుక్లాలు కాదేటి. నా యాపారం, నా వంట, సమస్తం ముక్కుతోటే."

"నీ కోడలు రోజారాణికి ఎలాగుంది?"

"సెలైను ఎక్కిస్తన్నారు. కడుపులో బిడ్డ బాగానే ఉందని డాట్రమ్మ సెప్పినాదట. నానెల్తే నా కొడుకు లోనికి రానీలేదు. నీ ముక్కు సచ్చిపోనాది, ఇంక నీకు బల్లెందుకు, వంటిల్లెందుకు అన్నాడు." అప్పయ్యమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆడి తప్పేటుంది. పెళ్ళాం, బిడ్డ. నాకే సిగ్గుగా ఉంది."

మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికి వెళ్ళి, చల్లపెట్టెలోంచి గిన్నె ఒకటి తెచ్చింది. అందులో తలతో కూడిన సగం వంజరం ఉంది.

"అదే సేప. ఆస్పత్రోళ్ళకి సూపిద్దారని ఉంచినాను. నువ్వు సూడు. నా ముక్కు సచ్చిపోనాదని నువ్వు సెప్తే, నీ ఏలు పట్టుకుని ఆ ముద్ర నానే ఏయిస్తాను. ఇంకెవులు సెప్పినా ఒప్పుకోను."

నూకరత్నం గిన్నె మీదికి వంగింది. మూడు పీల్పులు తీసింది. తేలిగ్గా ఉప్పునీటి వాసన, అంతే. పొద్దున పడిన చేపలాగే ఉంది. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. ఆసుపత్రి వాళ్ళే పొరపడ్డారు, పిల్లకు వేరే ఏదో పడలేదు, అప్పయ్యమ్మ పట్టాకు ఢోకా లేదు. ఆ మాట అనబోతూ, ఎందుకైనా మంచిదని చేప వీపు మీద బొటనవేలితో నొక్కింది.

నొక్కిన చోట గుంట పడింది. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది.

మొప్ప ఎత్తి చూసింది. లోపల ఎరుపన్నది లేదు, మట్టిరంగుకు తిరిగింది. కన్ను లోపలికి పోయి పాలలా తెల్లబడింది. వేలికి అంటుకున్న జిగురు దారంలా సాగింది. కాఫీ మూట తీసి ముక్కు తుడుచుకుని మళ్ళీ వాసన చూసింది. ఉప్పునీటి వాసన. గడప పక్కనున్న నిమ్మకాయ గిల్లి చూసింది, నిమ్మ వాసన వచ్చింది. అప్పయ్యమ్మ తలకు రాసుకున్న ఆముదం వాసన వచ్చింది. ఎదురింట్లో పెడుతున్న తాలింపు కూడా తెలుస్తోంది. కుళ్ళిన చేప ఒక్కటే తెలియడం లేదు.

"ఎలాగుంది? సెప్పవేటి?" అంది అప్పయ్యమ్మ.

నూకరత్నం బయటికి వచ్చి యాభై మూడో డబ్బా మూత ఎత్తింది. ఈసారి ముక్కు పెట్టలేదు. తల పక్కకు తిప్పి కళ్ళతో లోపలికి చూసింది. డబ్బా గోడల నిండా తెల్లటి పురుగులు పాకుతున్నాయి. అడుగున నల్లటి నీరు. నిన్న మధ్యాహ్నం ఈ డబ్బాకు తను సున్నా వేసింది, మొన్నా సున్నాయే వేసింది.

"మొన్న బజార్లో ఇద్దరు బేరగాళ్ళొచ్చినారు," గుమ్మంలోంచి అంటోంది అప్పయ్యమ్మ. "ఇరవయ్యో వార్డోళ్ళు. నా బల్ల కాడికొచ్చి ఛీ కంపు అనుకుంటా ఎల్లిపోనారు. పెద్ద దొరబాబులొచ్చినారని నాను తిట్టినాను. ఆళ్ళకి తెలిసినాది, నాకు తెలీనేదు. అంటే నా ముక్కు సచ్చిపోనట్టే కదా అమ్మీ."

"నీ ఒక్కదానిదే కాదు పిన్నీ."

"మరేటి?"

"నాదీ పోయింది."

అప్పయ్యమ్మ ఆమె మొహం ఉన్న దిక్కుకు తిరిగింది. "బొగ్గు పొడి ఉన్నప్పుడు ఇలగ లేదు," అంది మెల్లిగా. "నువ్వే కదా మానీమన్నావు. నువ్వు సెప్పినావని మానీసినాను."

నూకరత్నం డబ్బా మూత దించింది. ఐదింటిలోపు మళ్ళీ వస్తానని మాత్రం చెప్పి బయల్దేరింది. మాస్టారికి చెప్పాలి. గుళికలో ఎక్కడో తేడా చేసింది, రేపటి పని ఆపాలి. ఆయనకు తెలిస్తే ఒక్క క్షణం ఊరుకోరు. దారి పొడుగునా ఆమె ఆలోచన ఇంతే.

సన్యాసిరావు మాస్టారిది ఎనభై నాలుగో ఇల్లు. గంధశాలకు పెద్దయ్యాక కూడా ఆయన కాలనీ విడిచి వెళ్ళలేదని జనం గొప్పగా చెప్పుకుంటారు. గేటు పక్కన ఆయన డబ్బా మీద కూడా నీలం మూతే ఉంది. దాని మీద ఈగలు లేవు. వేళకాని వేళ అయినా, అలవాటు కొద్దీ నూకరత్నం మూత ఎత్తింది. మొహానికి తుంపర తగల్లేదు. మూత వెనక గుళిక గది తెరిచి ఉంది, లోపల ఖాళీ. డబ్బాలో అడుగున నల్లగా, పొడిగా, గుప్పెడు బొగ్గు పొడి. దాని మీద కాగితంలో మడిచి దారంతో కట్టిన పొట్లం ఒకటి.

రోజూ ఆమె ఇక్కడ మూత ఎత్తి సున్నా వేస్తూనే ఉంది. పైనుంచి ముక్కు పెట్టే మనిషి మూత వెనక్కి ఎందుకు చూస్తుంది? డబ్బాలోకైనా ఎందుకు చూస్తుంది? చూడడం ఘ్రాణిక పని కాదని, కళ్ళు ముక్కును మోసం చేస్తాయని, కళ్ళు మూసుకునే పీల్చాలని నేర్పింది మాస్టారే.

"రత్నమా, లోపలికి రామ్మా," అంటూ కామేశ్వరి గారు మెట్ల మీదికి వచ్చింది. మాస్టారి భార్య. మనసులో ఏదీ దాచుకోలేని మనిషి. "బావుందా డబ్బా? నువ్వు నేర్పినట్టే చేస్తున్నానమ్మా. పెరట్లో కుండలు కూడా తియ్యలేదు. కాలనీ అంతా హాయిగా మూతల్లో గోళీలు పెట్టుకుంటూంటే నాకీ మసి చాకిరీ ఏమిటండీ అంటే ఈయన వినరు. మనింట్లో రత్నం పద్ధతే ఉండాలంటారు."

నూకరత్నం చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని పలక చూసుకుంటున్నారు. బల్ల మీద పళ్ళెంలో, గాలిని వడకట్టే రెండు వెండి ముక్కుబిళ్ళలు ఉన్నాయి. ఈ మధ్య ఆయన బయటికి వస్తే ముక్కులో మెరుస్తూ కనబడేవి. దుమ్ము పడటం లేదమ్మా అని చెప్పారు. నిజమేనని నమ్మి ఆమె మిరియాల కషాయం కూడా పెట్టి తెచ్చింది.

"ఏమ్మా, నలభై ఆరు దగ్గర ఆగిపోయావు?" అన్నారాయన తలెత్తకుండానే.

"గుళిక కంపుని చంపడం లేదండి మాస్టారూ."

ఆయన పలక పక్కన పెట్టారు. ఆశ్చర్యపోతారని చూసింది. ఆయన ఆశ్చర్యపోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కూర్చో."

"నిలబడే ఉంటానండి. ఏం చేస్తుందది?"

"కుళ్ళును పట్టే గదులు ముక్కులో మూడుంటాయి రత్నం. గుళిక వాటిని నిద్రపుచ్చుతుంది. ఆ మూడింటినే. కాఫీ తెలుస్తుంది, మల్లెపూలు తెలుస్తాయి. తినేదానికీ తురుముకునేదానికీ ఏ లోటూ లేదు."

"రోజారాణి సెలైను మీద ఉందండి."

"విన్నాను. పాపం." ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. అదే ఆమెకు భరించరానిదైంది. "చూడమ్మా, కంపు పోవాలంటే మనుషులు మారాలి. నువ్వు మార్చావు. పద్దెనిమిదేళ్ళు పట్టింది. ఎన్ని వార్డులు? ఒకటి. ఊళ్ళో నలభై ఉన్నాయి. నీలాంటి వాళ్ళు నలభై మంది నాకెక్కడ దొరుకుతారు? బళ్ళు లేవు, పోసే చోటు లేదు, పైవాళ్ళు నా మెడ మీద కూర్చున్నారు. వాసన లేదని జనం అనుకోవాలి, అంతే వాళ్ళు అడిగింది."

"ఆ మూడు గదులూ ఏవో మీకెలా తెలిసిందండి?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు.

"శుక్రవారాలు," అంది నూకరత్నం.

రెండేళ్ళ పాటు ప్రతి శుక్రవారం ఆమె సెలవు మానుకుని గంధశాలకు వెళ్ళింది. కుళ్ళు వాసనలు పట్టి ఉంచిన నలభై సీసాలు వరసగా పెట్టేవారు. ముందు ఒక చల్లటి తుంపర, తర్వాత ఒక సీసా. వచ్చిందా రత్నం, అని అడిగేవారు మాస్టారు. వచ్చిందండి, కొంచెం వచ్చిందండి, అని చెప్పేది. మధ్యలో ఆయనే అల్లం టీ పెట్టి ఇచ్చేవారు. చివరి శుక్రవారం నలభై సీసాలకూ రాలేదండి, రాలేదండి అని చెప్పింది. ఆయన లేచి వచ్చి ఆమె నెత్తి మీద చెయ్యి వేశారు, కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నారు. కంపుకు మందు దొరికిందనుకుంది. మర్నాడు తన చేతి డబ్బుతో మాడుగుల హల్వా తెప్పించి ఘ్రాణికలందరికీ పంచింది.

"ఊళ్ళోకెల్లా మంచి ముక్కు నీది," అన్నారు మాస్టారు. "నీది మూసుకుంటే ఎవరిదైనా మూసుకుంటుంది. అంతకంటే గట్టి కొలత లేదు నాకు."

"నన్ను అడగొచ్చు కదండి."

"అడిగితే ఒప్పుకునేదానివి కాదు."

"ఒప్పుకునేదాన్ని కాదు," అంది. తండ్రి పోయిన రోజు కూడా ఆమె ఇంత ఒంటరితనం ఎరగదు. ఆ రోజు పక్కన నిలబడ్డది ఈయనే.

"నలభై రోజులు దూరంగా ఉంటే తిరిగొస్తుంది. నీకేం నష్టం జరగనిస్తానా? మీ ఇంటికి ఖాళీ మూత పంపిస్తాను. మా ఇంట్లో లాగే నువ్వూ బొగ్గు పొడి వేసుకో, ఎవరికీ చెప్పకు." ఆయన మళ్ళీ పలక అందుకున్నారు. "ఆ ముసలావిడ పట్టా మీద ముద్ర వేసెయ్యి. ముసలితనంలో ముక్కు పోయిందంటే ఎవరైనా నమ్ముతారు. లేకపోతే చేప ఎందుకు తెలియలేదని నలుగురూ అడుగుతారు. ఐదింటికల్లా అంకెలు పంపించు తల్లీ."

తల్లీ అన్న పిలుపుకు ఆమె ఎప్పుడూ కరిగేది. ఈసారి గుమ్మం వైపు తిరిగింది. కామేశ్వరి గారు మజ్జిగ గ్లాసుతో ఎదురొచ్చింది. నూకరత్నం ఆవిడ చెయ్యి పక్కకు జరిపి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధిలోకి వచ్చింది.

నాలుగున్నర అయింది. తూము గట్టు మీద కూర్చుని పలక ఒళ్ళో పెట్టుకుంది. కుళ్ళు వాసన ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. పద్దెనిమిదేళ్ళు దానితో కాపురం చేసిన మనిషికి అది గుర్తు రాలేదు. ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ముందున్న నాలుగు డబ్బాల మూతలు ఎత్తి కళ్ళు తెరుచుకుని చూసింది. నాలుగింటిలోనూ పురుగులు ఉన్నాయి. ఇంకో ఆరు చూసింది. ఒక దాంట్లో ఎలుక చచ్చి ఉంది, దాని పక్కింటి అరుగు మీద చంటిపిల్ల మరమరాలు ఏరుకుని తింటోంది. అక్కడితో చూడడం ఆపేసింది. ఎనిమిది రోజులుగా బండి రాని వీధిలో మిగిలినవి ఎలా ఉంటాయో తెలియడానికి ముక్కు అక్కర్లేదు.

పలక మీద ఆజ్ఞ మెరుస్తోంది. ముద్ర వేయడమా, తిరస్కరించడమా అని అడుగుతోంది. తిరస్కరించు అన్నదాని మీద వేలు పెట్టింది. కారణం రాయమంది పలక. "పరీక్షించవలసిన ఘ్రాణికకే ముక్కు లేదు" అని రాసి పంపింది. ఆ వాక్యంతో తన ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు. పోయేలోపు ఇంకా ఇరవై నిమిషాలు ఉంది.

పదకొండేళ్ళ కిందట అచ్చియ్య అని చెత్తబండి మనిషి ఒకడు, మూసి ఉన్న పెద్ద డబ్బా తెరిచి అందులోని గాలికే కూలిపోయాడు. ఆ వారంలోనే మాస్టారూ ఆమే కూర్చుని తొమ్మిది నియమం రాశారు. ఘ్రాణిక తొమ్మిది వేస్తే ఆ డబ్బా మూత దానంతటదే లేచి నిలబడాలి. దాన్ని యంత్రం గాని, పై అధికారి గాని మూయకూడదు. పక్క వార్డు ఘ్రాణిక వచ్చి స్వయంగా వాసన చూసి వేరే అంకె వేస్తే తప్ప మూత దిగకూడదు. మూతలు మారాయి గాని చట్టం మారలేదు, నీలం మూతల్లోనూ ఆ మర అలాగే ఉంది. పదకొండేళ్ళుగా ఎవరూ తొమ్మిది వేయవలసిన అవసరం రాలేదు.

వాసన చూడకుండా వేసిన అంకె దొంగ అంకె. కొత్త ఘ్రాణికలకు ఆమె మొదటి రోజు చెప్పే మాట అదే. ఇన్నేళ్ళలో ఒక్క దొంగ అంకె వేయలేదని అనుకుంటూ బతికింది. మూడు నెలలుగా వేసినవన్నీ దొంగవేనని ఇప్పుడు తేలింది. మొదటి ఇంటి సున్నా మీద వేలు పెట్టి తొమ్మిదికి మార్చింది. రెండో ఇల్లు. మూడో ఇల్లు. యాభై మూడు దగ్గర, నువ్వు సెప్పినావని మానీసినాను అన్న అప్పయ్యమ్మ మాట గుర్తొచ్చింది. వదిలేసి వచ్చిన ఇళ్ళకూ తొమ్మిదే వేసింది.

ఎనభై నాలుగు దగ్గర ఆగింది.

అక్కడ కూడా తొమ్మిది నొక్కాలని చేతికి ఎంత కోరికగా ఉందంటే, ఆ వేలిని రెండో చేత్తో పట్టుకోవలసి వచ్చింది. కాని ఆ డబ్బా తను చూసింది. అడుగున పొడి బొగ్గు, ఉప్పు చల్లి కట్టిన పొట్లం, పెరట్లో కుండలు. కాలనీ మొత్తంలో సున్నాకు తగిన డబ్బా అదొక్కటే. సున్నాయే నొక్కి ఎనభై ఐదుకు వెళ్ళింది.

ఐదు కావడానికి రెండు నిమిషాలుండగా పంపించు అన్నదాన్ని నొక్కింది.

వీధి మొదట్లో టక్కుమని చప్పుడైంది. మొదటి మూత లేచి నిటారుగా నిలబడింది. దాని పక్కది, ఆ పక్కది. చప్పుళ్ళు వరసగా వీధి చివరి వరకు పరుగెత్తాయి. మూత నిలబడినప్పుడు దానికి అమర్చినదేదైనా ఊడి కింద పడాలన్నది కూడా ఆ పాత నియమంలోదే. తెల్లటి గుళికలు గుమ్మాల ముందు దొర్లాయి. జనం బయటికి వచ్చారు. ముందు మూతల్ని చూశారు, తర్వాత డబ్బాల్లోకి చూశారు. ఎవరూ ముక్కు మూసుకోలేదు. మూడు నెలలుగా తమ గుమ్మం ముందు ఏముందో కళ్ళతో చూసి బిగుసుకుపోయారు. అరుగు మీది చంటిపిల్లను తల్లి పరుగున వచ్చి చంకనేసుకుంది.

పలక మోగడం మొదలుపెట్టింది. మాస్టారు. మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. నూకరత్నం దాన్ని తూము గట్టు మీద పెట్టేసి యాభై మూడో ఇంటి వైపు నడిచింది. అప్పయ్యమ్మ చేతులతో తడుముకుంటూ వీధిలోకి వచ్చి నిలబడి ఉంది.

"ఏటి సప్పుడది?"

"మూతలు తీయించాను పిన్నీ. నీ పట్టా నీకే ఉంది."

"మరి నీ ఉద్యోగమో?"

నూకరత్నం ఆమె పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది.

పావుగంటలో వీధి మొగలో బండి ఆగింది. ఆ తొమ్మిదుల్ని సరిచూడడానికి దిగింది పదిహేడో వార్డు ఘ్రాణిక మణిమాల. నూకరత్నం దగ్గరే పని నేర్చుకున్న పిల్ల, చివరి శుక్రవారం మర్నాడు హల్వా తిన్నవాళ్ళలో ఒకతె. నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది. కొంగు ముక్కుకు అదుముకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కరెంటు స్తంభం పట్టుకుని వంగి వాంతి చేసుకుంది.

వీధంతా ఆమెనే చూస్తోంది. ఈ పిల్లకు ఏమైందో వాళ్ళకు వెంటనే తెలియలేదు. తెలిసినప్పుడు ఒక్కొక్కరే తమ ముక్కు తడుముకున్నారు.

"ఎంత?" అని అడిగింది నూకరత్నం.

"ఎంతేటక్కా, నీకు తెలీడం లేదా?"

"తెలీడం లేదు. నువ్వు చెప్పు. ఎంత?"

మణిమాల నోరు తుడుచుకుంది. "తొమ్మిది," అంది. "అన్నిటికీ తొమ్మిదే."

"రాసుకో. రాసి మిగతా వార్డులోళ్ళకి పంపించు. రేపు నీలం మూత ముట్టుకోవద్దని చెప్పు."

మణిమాల పలక తీసి వీధి పొడుగునా నిలబడ్డ మూతల్ని లెక్కపెట్టుకుంటూ చూసింది. కుడివైపు వరస మధ్యలో ఆమె చూపు ఆగింది. "అక్కా, ఆ ఒక్కటీ మూసే ఉందేటి? అదెవరిల్లు?"

నూకరత్నం చెప్పనక్కర్లేకపోయింది. జనం అప్పటికే అటు తిరిగారు. గేటులో సన్యాసిరావు మాస్టారు ముక్కుబిళ్ళలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన వెనకాల మెట్ల మీద కామేశ్వరి గారు, మజ్జిగ గ్లాసు చేతిలో అలాగే ఉంది.

"మా ఇంట్లో రత్నం పద్ధతండి," అంది ఆవిడ, ఎవరూ అడక్కుండానే.